ఓర్వల్ తాత పంచిపెట్టిన తుపాకీ

ఉడతల వేట మొదలయ్యే శనివారం నాడు స్లేట్ లిక్ లోయ మొత్తం ఫైర్ స్టేషన్ వెనక జాగాలో చేరుతుంది. లోయ మొత్తం అంటే మనుషులు, కుక్కలు, ఎవరు తోలుకొచ్చారో ఎవరికీ తెలియని ఒక మేక. మధ్యలో పెద్ద ఇనుప గంగాళం. పొద్దున కొట్టిన ఉడతలన్నీ బంగాళాదుంపలు, మొక్కజొన్న గింజలు, ఉల్లిపాయలతో కలిసి సాయంత్రం దాకా అందులో ఉడుకుతాయి.

ఆ గంగాళం పక్కన నిలబడి కథ చెప్పాలంటే మాత్రం ఒక రూలుంది. ఆ రోజు నువ్వు కొట్టిన ఉడత ఒక్కటైనా అందులో ఉండాలి. అది కూడా బతుకులో మొదటి ఉడతైతే సొంతింటి తుపాకీతో కొట్టిందే అయ్యుండాలి, అరువు తుపాకీ చెల్లదు. ఉడత లేనివాళ్లు దూరంగా బల్ల దగ్గర కూర్చుని ఉల్లిపాయలు తరగాలి. గంగాళం వైపు నోరెత్తకూడదు.

ఇంకో రూలు కూడా ఉంది. గంగాళం దగ్గర చెప్పేది అబద్ధమే అయ్యుండాలి. నిజం చెబుతూ దొరికిపోయినవాళ్లు కూడా ఉల్లిపాయల బల్లకే పోవాలి. వెస్ట్ వర్జీనియా కొండల్లో ఇంత కచ్చితంగా అమలయ్యే చట్టం ఇంకోటి లేదు.

ఓర్వల్ తాత మనవరాలు డ్రీమా ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఆ బల్ల దగ్గరే ఉంది. ఇప్పుడామెకి పందొమ్మిదేళ్లు. ఆమె కార్చిన కన్నీళ్లకి కింద గడ్డి ఏపుగా పెరిగేది.

ఇందులో అన్యాయం ఏమిటంటే, లోయలో డ్రీమా అంత చక్కగా అబద్ధం చెప్పేవాళ్లు లేరు. ఉత్తరాలు తెచ్చే ఆయన్ని కూర్చోబెట్టి, ఎదురుగా ఉన్న కొండని ఒహాయో వాళ్లు కొనేశారని, మంగళవారం వచ్చి పట్టుకుపోతారని నమ్మించింది. ఆయన మంగళవారం కెమెరా తెచ్చుకున్నాడు. అంత విద్య చేతిలో పెట్టుకుని, గంగాళం దగ్గర గార్నెట్ లాంటివాళ్లు చెప్పే నాసిరకం అబద్ధాలు వింటూ ఉల్లిపాయలు తరగడమంటే మాటలా! గార్నెట్ ఫైరింజను డ్రైవరు. గంగాళం దగ్గర ఏళ్ల తరబడి అతనిదే పైచేయి.

మరి ఒక్క ఉడత కొట్టడానికేం? నోరు. అదే అడ్డం. ఉడతల వేటకి కదలకుండా, మెదలకుండా, మాట్లాడకుండా చెట్టు కింద కూర్చోవాలి. చిన్నప్పుడు ఓర్వల్ తాత డ్రీమాని అడవికి తీసుకెళ్తే, ఆమె కబుర్లకి ఉడతలు సామాన్లు సర్దుకుని కెంటకీ వెళ్లిపోయేవని తాత చెప్పేవాడు. అంటే, మాట్లాడే హక్కు కావాలంటే ముందు మాట్లాడకుండా ఉండాలి. ఈ రూలు పెట్టినవాడెవడో డ్రీమాని కలగని ఉంటాడు.

రెండో అడ్డం తుపాకీ.

ఓర్వల్ తాత తుపాకీ ఒంటి తూటాది. కోళ్ల దాణా, రంగు డబ్బాలు అమ్మే కొట్లోనే గోడకి వేలాడుతుంటే కొన్నాడు. ఒక మంచి బూట్ల జత ఖరీదుకే వచ్చింది. లోయలో అందరూ వేట నేర్చుకునేది అలాంటి తుపాకీతోనే. నడుం దగ్గర విరిస్తే గొట్టం వంగుతుంది, ఒక్క తూటా పెట్టి మూయాలి, వెనకున్న గుర్రాన్ని, అంటే తూటాని కొట్టే కొక్కేన్ని, బొటనవేలితో లాగాలి, కాల్చాలి. మళ్లీ కాల్చాలంటే మళ్లీ మొదటికి రావాలి. "రెండో తూటా ఉందని తెలిస్తే మొదటిదానికి మర్యాద ఉండదు" అనేవాడు తాత.

ఆ తుపాకీలో సొగసంతా ఒక మరలో ఉంది. గొట్టం కింద ముందు చెక్క ఉంటుంది. దాని మర విప్పితే చెక్క ఊడుతుంది, చెక్క ఊడితే గొట్టం ఊడుతుంది, దాని చోట ఇంకో గొట్టం పెట్టుకోవచ్చు. తాతకి రెండు గొట్టాలుండేవి. లావు గొట్టం సీసపు రవ్వలు నింపిన పెద్ద తూటాలకి, సన్న గొట్టం చిటికెనవేలి గోరంత చిన్న తూటాలకి. ఒకటే మొండెం, రెండు తలలు. ఆ గొట్టాలు ఆ మొండేనికి అరగదీసి కూర్చినవి, ఇంకోదానికి పట్టవు.

తాత పోయేముందు అందర్నీ మంచం చుట్టూ నిలబెట్టి తుపాకీని పంచాడు.

"మొండెం డ్రీమాకి. లావు గొట్టం పెద్దాడు హోబర్ట్‌కి. సన్న గొట్టం చిన్నాడు ఆర్లిస్‌కి. మర జెల్లాకి."

"మరి ముందు చెక్కో?" అంది జెల్లా అమ్మమ్మ.

"అది మొండెంతో పాటే" అన్నాడు తాత. ఇంకెవరూ ప్రశ్నలు వెయ్యకుండా వెంటనే కన్నుమూశాడు.

నలుగురూ ఒక మాట మీదుంటే తప్ప ఆ తుపాకీ పేలకూడదని ఆయన ఎత్తు. ఎత్తు మంచిదే. కానీ ఆర్లిస్ పన్ను సంగతి ఆయన ఊహించలేదు.

తాత పోయిన ఏడే గంగాళం దగ్గర ఆర్లిస్ మామ ఒక ఉడత తొడ నోట్లో పెట్టుకుని కొరికాడు. టక్కున చప్పుడైంది. నోట్లోంచి ఒక సీసపు రవ్వ, సగం పన్ను బయటికొచ్చాయి. ఆ ఉడత హోబర్ట్ మామ ఎవరిదో పాత తుపాకీ అరువు తెచ్చి రవ్వల తూటాతో కొట్టింది. ఆ పన్ను ముందే పుచ్చిందని హోబర్ట్ అన్నాడు. రవ్వల తూటాలు గుడ్డివాళ్ల కోసం కనిపెట్టారని ఆర్లిస్ అన్నాడు. అంతే, అన్నదమ్ములకి మాటల్లేవు. పక్కపక్కనే ఇళ్లు, వరండాలో కూర్చుంటే ఒకరి కాఫీ వాసన ఇంకొకరికి తగులుతుంది. అయినా ఏదైనా చెప్పాలంటే హోబర్ట్ కుక్క ప్రీచర్ ద్వారానే. కబురు మోసిన ప్రతిసారీ ప్రీచర్‌కి ఇటొక బిస్కట్, అటొక బిస్కట్. గొడవ మొదలయ్యాక ఆ కుక్క రెండింతలైంది. గొడవ సమసిపోకూడదని రోజూ ప్రార్థన చేసుకునే ప్రాణి లోయలో అదొక్కటే.

ఈ ఏడు మాత్రం డ్రీమా పట్టుదల పట్టింది. శుక్రవారం మధ్యాహ్నం తాత కోటు తొడుక్కుని బయల్దేరింది. ముందు వరండాలో ఉన్న అమ్మమ్మ దగ్గరికి.

"అమ్మమ్మా, మర ఇవ్వవే."

అమ్మమ్మ ఆ మరని దారం కట్టి మెడలో సిలువ పక్కనే వేసుకుంటుంది. పై పెదవి కింద పొగాకు పొడుం సర్దుకుంటూ మనవరాలిని ఎగాదిగా చూసింది.

"ఉడత కొడతావా? నువ్వు?"

"ఏం, నాకు కళ్లు లేవా, చేతులు లేవా?"

"అవి ఎవరిక్కావాలే! నోరు సంగతి చెప్పు. నిద్దట్లో కూడా మాట్లాడతావు నువ్వు. మొన్న నిద్దట్లోనే నాకు మేకని అమ్మావు."

"కొన్నావుగా మరి! రేపు ఒక్క పొద్దుటికి నోరు మూసుకుంటానమ్మమ్మా. ఒట్టు."

"నీ నోరు మూయాలంటే మర చాలదే తల్లీ, తాపీమేస్త్రీ కావాలి" అంటూనే దారం విప్పింది అమ్మమ్మ. "చూడు, గంగాళం దగ్గర గరిటె నాది. నువ్వు నా మనవరాలివని రూలు వంచను. ఉడత లేకుండా వస్తే ఉల్లిపాయలే."

అక్కణ్ణుంచి హోబర్ట్ మామ ఇంటికి. హోబర్ట్ మామ కుర్చీలో కూర్చుంటే కుర్చీ కనపడదు. మేనకోడలు అడగ్గానే లోపలికెళ్లి లావు గొట్టం తెచ్చి, తుడిచి, చేతిలో పెట్టాడు. తాత కోటు కుడి జేబు నిండా పెద్ద తూటాలు కుక్కాడు.

"ఒకటే మాటమ్మాయ్. రేపు నా గొట్టమే పెట్టాలి. పక్కింటాయన ఊదుగొట్టం గాని పెట్టావో, నీకు మామ లేడనుకో."

"ఛ, ఊదుగొట్టం ఎవరిక్కావాలి మామా!"

హోబర్ట్ పక్క వరండాకి వినపడేలా గొంతు పెంచాడు. "ప్రీచర్! వెళ్లి పక్కింటాయనకి చెప్పు, నా మేనకోడలు అసలు సిసలైన గొట్టం పట్టుకుపోతోందని."

ప్రీచర్ లేచి, మెట్లు దిగి, పక్కింటి మెట్లెక్కి, ఆర్లిస్ ముందు కూర్చుంది. ఆర్లిస్ దానికో బిస్కట్ పడేశాడు. "విన్నానులే. వెళ్లి మీ ఆయనకి చెప్పు, ఉడతని వేటాడమంటే ఉప్మా చెయ్యొద్దని." ప్రీచర్ తిరుగు టపాకి బయల్దేరింది.

డ్రీమా ఇంటి వెనక నుంచి చుట్టూ తిరిగి ఆర్లిస్ వంటింటి తలుపు తట్టింది. ఆర్లిస్ మామ పొరక పుల్లలా ఉంటాడు. విరిగిన పంటి సందులోంచి మాటకో ఈల వస్తుంది.

"వాడి ఫిరంగి తీసుకున్నావుగా, ఇంకేం పని నాతో?"

"అది ఊరికే మామా, పెద్దాయన కదా, బాధపడతాడని. నాకు నీ సన్న గొట్టమే కావాలి. కానీ ఆయనకి చెప్పకు."

ఆర్లిస్ మొహం వెలిగింది. సన్న గొట్టం, దాంతో పాటు చిన్న తూటాలు పోసిన పాత పొడుం డబ్బా ఒకటి ఇచ్చాడు. లోయలో ప్రతి ఇంట్లోనూ గుండీలు, గాలాలు, మేకులు అన్నీ పాత పొడుం డబ్బాల్లోనే ఉంటాయి. పొడుం కూడా అప్పుడప్పుడు.

"నా గొట్టమే పెడతానని మాటివ్వు."

"ఇచ్చాగా!"

ఒకే మాట ఇద్దరికిస్తే సగం సగం అవుతుంది కాబట్టి ఎవరికీ పూర్తిగా అబద్ధం చెప్పినట్టు కాదని డ్రీమా సమాధానపడింది.

శనివారం ఇంకా తెల్లారకముందే లేచి వంటింట్లో సన్న గొట్టం బిగించింది. లావుది పేలితే లోయంతా దద్దరిల్లుతుంది. సన్నది టప్పుమంటుంది అంతే, హోబర్ట్ మామకి వినపడదు. మధ్యాహ్నం ఆయనకి చెప్పాల్సిన అబద్ధం కూడా అప్పుడే సిద్ధం చేసుకుంది. లావు గొట్టం మంచం కింద దాచింది. బల్ల మీద నుంచి రెండు బిస్కట్లు, చేతికి తగిలిన పొడుం డబ్బా జేబులో వేసుకుని అడవిలోకి నడిచింది.

వాలు మధ్యలో తాతకి ఇష్టమైన, ఉడతలకి ఇంకా ఇష్టమైన హికరీ కాయల చెట్టు ఉంది. మాను ఎంత లావంటే, దాని చుట్టూ తిరిగి వచ్చేసరికి జుట్టు కత్తిరించుకోవాల్సి వస్తుంది. డ్రీమా దానికి కొంచెం దూరంలో పడిపోయిన దుంగకి ఆనుకుని, తుపాకీని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నోరు మూసుకుంది.

మొదటి నిమిషం బానే ఉంది. తర్వాత మాటలు గొంతులో వరస కట్టి నిలబడ్డాయి. పొగమంచు గురించి ఒకటి, చెప్పులోకి దూరిన చీమ గురించి ఒకటి. ముప్ఫై రెండు పళ్లూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని తలుపు కాశాయి. దవడలు నొప్పెట్టాయి. సూర్యుడు కూడా ఆమె అవస్థ చూద్దామని కొండ మీంచి తల పైకెత్తాడు.

అప్పుడు పైనుంచి పొట్టు రాలడం మొదలైంది. సన్నగా, తుంపరలా. పైన ఎవరో హికరీ కాయ కొరుకుతున్నారు.

డ్రీమా కళ్లు మాత్రమే పైకెత్తింది. మెల్లిగా తుపాకీ విరిచింది. కుడి జేబులో చెయ్యి పెట్టింది. హోబర్ట్ మామ తూటాలు, ఒక్కోటి బొటనవేలంత లావు. వాటిని ఈ గొట్టంలో పెట్టడమంటే సీసా మూతిలోంచి గుమ్మడికాయ తోయడమే. పర్లేదు, ఆర్లిస్ మామ డబ్బా ఉందిగా. ఎడమ జేబులోంచి డబ్బా తీసి, చప్పుడు కాకుండా మూత తిప్పి, దగ్గరగా పెట్టుకుని చూసింది.

పొడుం. అమ్మమ్మది. తాజాది.

సరిగ్గా అప్పుడే ఆ కొండ మీద ఆ పొద్దుటికి మొదటి గాలి వీచింది.

డ్రీమా ముక్కు పట్టుకుంది. ఊపిరి బిగబట్టింది. చచ్చిపోయిన బంధువులందర్నీ తలుచుకుంది. లాభం లేకపోయింది. ఆ తుమ్ముకి పక్క కౌంటీలో ఒక కోడి గుడ్డు సగంలో ఆపేసిందని తర్వాత తెలిసింది.

స్లేట్ లిక్‌లో ఎవరైనా తుమ్మితే దీవించకుండా ఊరుకోవడం హత్య కంటే కొంచెం చిన్న నేరం. అది పుట్టుకతో వచ్చే అలవాటు, ఆపుకుందామన్నా ఆగదు.

"చల్లగా బతుకమ్మా!" అంది ఎడం పక్కనున్న పొద.

"చల్లగా బతుకు తల్లీ!" అంది కుడి పక్కనున్న చెట్టు.

తర్వాత ఎడం పక్క పొద లేచి నిలబడింది. అది హోబర్ట్ మామ. కుడి పక్క చెట్టు రెండుగా చీలింది. అందులో సన్నటి ముక్క ఆర్లిస్ మామ. ఇద్దరి చేతుల్లోనూ తుపాకీల్లేవు. డ్రీమా ఎవరి గొట్టం పెట్టిందో చూసి పోదామని చీకట్లోనే వచ్చి మాటేశారు ఇద్దరూ, ఒకరికి తెలియకుండా ఒకరు.

"ఎవడ్రా అది?" అన్నాడు హోబర్ట్.

"ఇక్కడ కుక్క లేదుగా. నాతో ఎలా మాట్లాడుతున్నావు?" అన్నాడు ఆర్లిస్, ఈలతో సహా.

"నీతో ఎవరు మాట్లాడారు? అడవిని అడిగాను."

"అడవి చెబుతోంది విను. సొంత మేనకోడలి మీద నిఘా పెట్టడానికి సిగ్గు లేదా అంటోంది."

"మరి నువ్వెందుకొచ్చావో?"

"గాలి పీల్చుకుందామని."

"చెట్టుని కావలించుకునా?"

"అమ్మాయ్, ఎవరి గొట్టం పెట్టావే?" అని ఇద్దరూ ఒకేసారి అడిగారు.

డ్రీమా తుపాకీ కొసని ఆకుల్లోకి దోపేసి, వేలు పెదాల మీద పెట్టుకుని, నోరు విప్పనని సైగ చేసింది. మాట్లాడకూడదన్న ఒట్టు ఇంత అక్కరకొస్తుందని ఆమె అనుకోలేదు. మేనమామలిద్దరూ ఆమెను వదిలేసి ఒకరి మీద ఒకరు పడ్డారు.

"నీ రవ్వల వల్లేరా నా పన్ను పోయింది!"

"ఆ పన్ను పెళ్లినాటికే కదిలేది. మీ ఆవిడే చెప్పింది."

"కళ్లు మూసుకుని కాల్చే పిండిబస్తావి నువ్వు!"

"నోట్లో ఈల పెట్టుకుని తిరిగే పుల్లవి నువ్వు!"

వాళ్లలా మూటలు విప్పుతుంటే డ్రీమా కోటు మొత్తం తడుముకుంది. లోపలి జేబుకి చిల్లుంది. చిల్లులోంచి వేళ్లు దూర్చి అస్తరులోకి పాకించింది. ఒక వాల్‌నట్ పెంకు, ఎప్పటిదో పిప్పరమెంటు బిళ్ల, ఒక దారం ఉండ. అన్నిటికంటే అడుగున, చల్లగా, చిటికెనవేలి గోరంత తూటా. తాతది. ఆ కోటులో ఎన్ని చలికాలాలు నిద్రపోయిందో ఏమో. అది పేలుతుందో లేదో దేవుడికీ తాతకీ తెలియాలి. వాళ్లిద్దరూ ఒకే చోట ఉన్నారు కాబట్టి డ్రీమా ధైర్యం చేసింది. తూటా పెట్టి, తుపాకీ మూసింది.

"నువ్వసలు మనిషివే..." అంటున్న ఆర్లిస్ ఉన్నట్టుండి ఆగాడు. వేలు పైకెత్తాడు. గొంతు గుసగుసగా మారింది. "హోబీ. రెండో కొమ్మ కింద. మాను మీద."

హోబీ అన్న పిలుపు వినపడి ఎన్నాళ్లైందో. హోబర్ట్ కోపం మర్చిపోయి తలెత్తాడు. బూడిదరంగు ఉడత ఒకటి మానుకి అతుక్కుని, తోక వణికించుకుంటూ, కింద జరుగుతున్న తగువు తీర్పు వినడానికి ఆగినట్టుంది. మనిషి కదిలాడా, అది మాను అవతలికి జారుకుంటుంది. అవతలికెళ్తే మళ్లీ ఇవతలికి. ఒంటరిగా వేటాడేవాడికి దొరకనిది అందుకే. ఇద్దరుంటే వేరు. ఒకడు చప్పుడు చేస్తూ చుట్టూ తిరగాలి, ఇంకొకడు రాయిలా నిలబడాలి. చిన్నప్పట్నుంచీ ఆ అన్నదమ్ములది ఆ లెక్కే. పెద్దాడు తిరుగుతాడు, చిన్నాడు నిలబడతాడు.

"తిరుగు" అన్నాడు ఆర్లిస్.

హోబర్ట్ తిరిగాడు. ఆకులు తన్నుకుంటూ, కొమ్మలు విరుచుకుంటూ, దగ్గుకుంటూ, ఒక పెళ్లి ఊరేగింపంత చప్పుడుతో మాను వెనక్కి పోయాడు. ఆర్లిస్ రాయైపోయాడు. తమ ఇద్దరి చేతుల్లోనూ తుపాకీ లేదన్న సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు.

ఉడత హోబర్ట్ మీద కన్నేసి, మాను పట్టుకుని, అంగుళం అంగుళంగా ఇవతలికి జరిగింది. డ్రీమా వైపు దాని వీపు. డ్రీమా బొటనవేలితో గుర్రం లాగింది. కాల్చలేదు. హోబర్ట్ మామ ఎక్కడున్నాడో కనపడాలి ముందు. తాత చెప్పిన మొదటి పాఠం అదే. హోబర్ట్ మామ మాను దాటి, వాలు దిగి, దూరంగా మొత్తం బయటపడ్డాడు. ఇప్పుడు ఉడత వెనక మాను తప్ప ఇంకేం లేదు. చెప్పాలని ఉన్న మాటలన్నిటినీ డ్రీమా ఒక్కసారి మింగేసింది. చెయ్యి నిలకడైంది.

టప్.

ఉడత ఆకుల మీద పడింది. ఒకటే తూటా. తలలోనే.

డ్రీమా నోరు తెరిచింది. మాట రాలేదు. మామలిద్దరూ కంగారుపడ్డారు. ఆ పిల్ల మాట్లాడకపోవడం వాళ్లు పుట్టి ఎరగరు.

"అది నా గొట్టం చప్పుడు" అన్నాడు ఆర్లిస్ చివరికి, మొహమంతా నవ్వుతో.

"తిప్పింది నేను. తిప్పకపోతే నీ గొట్టం ఏం పీకేది?" అన్నాడు హోబర్ట్. తర్వాత ఇద్దరికీ తాము మాట్లాడుకుంటున్నట్టు తెలిసొచ్చింది. ఇద్దరూ చెరో దిక్కు చూశారు.

"అమ్మాయ్, మేమిక్కడికి రాలేదు" అన్నాడు హోబర్ట్.

"రాలేదు. మాట్లాడుకోనూ లేదు" అన్నాడు ఆర్లిస్.

"మీరెవరో కూడా నాకు తెలీదు మామా" అంది డ్రీమా. అప్పుడు గాని ఆమెకి గొంతు రాలేదు.

మధ్యాహ్నం అమ్మమ్మ గరిటె పట్టుకుని గంగాళం దగ్గర నిలబడింది. డ్రీమా తెచ్చిన ఉడతని అటూ ఇటూ తిప్పి చూసి, ఇంటి తుపాకీయేనా అని అడిగి, కోసి కడిగి గంగాళంలో వేసింది. డ్రీమాకి కాళ్లు నేల మీద లేవు. ఉల్లిపాయల బల్ల ఖాళీగా కనపడుతోంది.

ముందు గార్నెట్ లేచాడు. నెత్తి మీద ఫైర్ స్టేషన్ హెల్మెట్టుంది. "పోయినేడు ఒక ఉడత నా నడినెత్తి మీద కొమ్మకెక్కింది. నిలువుగా పైకి కాల్చాను. ఉడత పడింది గాని తూటా ఇంకా కిందికి రాలేదు. అందుకే ఈ హెల్మెట్ తియ్యడం లేదు. స్నానానికి కూడా ఇదే." అందరూ చప్పట్లు కొట్టారు. గార్నెట్ ఆకాశం వైపు అనుమానంగా చూసి కూర్చున్నాడు.

డ్రీమా వంతొచ్చింది. ఏళ్ల తరబడి ఉల్లిపాయలు తరుగుతూ దాచుకున్న అబద్ధాలు బోలెడున్నాయి. ఒహాయో వాళ్లు కొండ తీసుకుపోవడం ఉంది, ఇంకా బోలెడు. నోరు తెరిచేసరికి అవన్నీ చప్పగా అనిపించాయి. పొద్దున జరిగిందాని ముందు ఏ అబద్ధమూ నిలబడేలా లేదు. దాంతో జరిగింది జరిగినట్టు చెప్పేసింది. పొడుం డబ్బా, తుమ్ము, దీవించిన పొద, దీవించిన చెట్టు, చెట్టుని కావలించుకుని గాలి పీల్చడం, పిండిబస్తా, ఈల, అస్తరులో తూటా, పెళ్లి ఊరేగింపు. ఒక్క ముక్క కలపలేదు.

జనం పడీ పడీ నవ్వారు. గార్నెట్ హెల్మెట్ ఊడి మేక నెత్తిన పడింది. 

"ఆ ఇద్దరూ మాట్లాడుకున్నారట! ఎంత అబద్ధమమ్మా!" అని ముసలాళ్లు కళ్లు తుడుచుకున్నారు. "ఇంతకన్నా పెద్ద అబద్ధం ఈ గంగాళం వినలేదు!"

అమ్మమ్మ నవ్వలేదు. గరిటెతో కొడుకులిద్దర్నీ పిలిచింది. "ఏరా, మీరు అడవికెళ్లారా?"

"మేమా? అడవికా?" అన్నాడు హోబర్ట్.

"వాడితో నేను మాట్లాడటమా? ప్రీచర్‌ని అడుగు" అన్నాడు ఆర్లిస్.

ప్రీచర్ తల దించుకుంది.

"అయితే అబద్ధమేనంటారు" అంది అమ్మమ్మ తాపీగా, గంగాళం కలుపుతూ. "నాకూ అదే అనిపించింది. ఎంతైనా చిన్నాడు తన అన్నని పట్టుకుని దున్నపోతా అంటాడా!"

"దున్నపోతా అనలేదు!" అన్నాడు హోబర్ట్. "కళ్లు మూసుకుని కాల్చే పిండిబస్తా అన్నాడు. అమ్మాయి సరిగ్గానే చెప్పింది."

"నువ్వు నన్ను పుల్ల అన్నాక అన్నానా, అనకముందా?" అన్నాడు ఆర్లిస్.

"అనకముందే అన్నావు!"

జనం తలలన్నీ అటు తిరిగాయి. గంగాళం మాత్రం బుడబుడమంది. అన్నదమ్ములిద్దరూ మెల్లిగా ఒకరి నోరు ఒకరు మూశారు.

"నిజం" అంది అమ్మమ్మ. "నా గంగాళం దగ్గర, పట్టపగలు, నా సొంత మనవరాలు నిజం చెప్పింది. నా కొడుకులిద్దరూ సాక్ష్యం పలికారు." గరిటె ఉల్లిపాయల బల్ల వైపు చూపించింది. "ముగ్గురూ. రెండో విడత వంటకి ఒక బస్తా ఉంది."

డ్రీమా కత్తి పట్టుకుని బల్ల దగ్గర కూర్చుంది. ఇటు హోబర్ట్ మామ, అటు ఆర్లిస్ మామ. గెలిచిన రోజే ఓడిపోవడం ఎలా ఉంటుందో ఆలోచిద్దామనుకుంది గాని తీరిక దొరకలేదు.

"అలా కాదురా తరగడం, నీ రవ్వల్లాగా చల్లుతున్నావు" అన్నాడు ఆర్లిస్.

"నీ పంటి సందులో పట్టేలా తరగమంటావా?"

"ఆ పొద చాటున నీ పిర్రలు రెండూ బయటికే ఉన్నాయిరా, నేను మేఘాలనుకున్నా!"

"మామా, మామా, తుమ్ము సంగతి చెప్పండి, నేను తుమ్మినప్పుడు ఆర్లిస్ మామ ఎగిరి కొమ్మ పట్టుకున్నాడు కదూ!" అంది డ్రీమా. నోరు తెరుచుకుంది, ఇక మూతపడలేదు.

గంగాళం దగ్గర ఎవరో అబద్ధం మొదలుపెట్టారు. సగంలో వినేవాళ్లు తగ్గారు. ముందు ఒక కుర్చీ బల్ల వైపు తిరిగింది, తర్వాత ఇంకోటి. గార్నెట్ తన కుర్చీని ఎత్తుకుని మరీ వచ్చాడు, ఊరికే ఉల్లిపాయలు అందిస్తానని. కాసేపటికి గంగాళం దగ్గర అమ్మమ్మ ఒక్కతే మిగిలింది. ఆమె కూడా గరిటె పట్టుకుని, కలపడం మర్చిపోయి, చెవి ఇటే పెట్టింది.

ప్రీచర్ మాత్రం బల్ల కింద హోబర్ట్ కాళ్ల దగ్గరొకసారి, ఆర్లిస్ కాళ్ల దగ్గరొకసారి కూర్చుని, మొహం పైకెత్తి కబురు కోసం చూసింది. ఎవరూ ఏమీ చెప్పలేదు. ఎవరూ బిస్కట్ పెట్టలేదు. చివరికి మేక పక్కన పడుకుని, ఉద్యోగం పోయిన మనిషి లాగా నిట్టూర్చింది.